ఎరుకలమ్మ కుదిర్చిన రాజీ

"ఎరుక చెబుతానమ్మా ఎరుక!" అంటూ చంకన బుట్ట, చేతిలో పుల్లతో వాకిట్లో నిలబడే ఆవిడని చూడని ఇల్లాలు మన ఊళ్లలో ఉండదేమో! బుట్టలు అల్లి అమ్మడం, సోది చెప్పడం ఎరుకల ఆడవాళ్లకు తరతరాల పని.

జహీరాబాద్ దగ్గర, కర్ణాటక సరిహద్దునున్న మొగుడంపల్లిలో మా బంధువులు ఇద్దరు తోడికోడళ్లు. అత్తగారి కడియాల దగ్గర మాట పెరిగి, ఏడాది పాటు ఎడమొహం పెడమొహం. చివరికి పెద్దావిడ సోది అడిగింది. చాటలో బియ్యం పోసి, పసుపు కుంకుమ పెట్టి, దక్షిణ ఉంచింది. సోదమ్మ పుల్లతో అరచెయ్యి తడుతూ, "ఇంట్లో ఒక ముసలమ్మ అలిగింది కదూ?" అంది. అంతే, కథంతా ఈవిడే ఏడుస్తూ చెప్పేసింది! "పొయ్యిలు వేరైనా దీపం ఒక్కటే తల్లీ. అమాసనాడు పోలెలు చేసి చిన్నదాన్ని పిలువు" అని తీర్పు.

పిలిచింది. ఆవిడ వచ్చింది. "నేనేం తగ్గలేదు, పోయిన అత్తమ్మ అడిగింది కాబట్టి పిలిచాను" అని పెద్దావిడ ఇప్పటికీ అంటుంది. రాజీలో మనకి అడ్డం వచ్చేది న్యాయం కాదు, ముందు ఎవరు మాట్లాడాలన్న పంతం. ఆ బరువు ఇంకొకరు మోస్తే చాలు.

శ్రీనివాస కల్యాణంలోనూ ఇంతే కదండీ. స్వామి ఎరుకలసాని వేషంలో వెళ్లి ధరణీదేవికి సోది చెప్పి, పద్మావతితో పెళ్లికి ఒప్పించాడు. కాకపోతే అక్కడ సోది చెప్పినవాడే పెళ్లికొడుకు! చెప్పేవారికి ఇందులో ఏం లాభమో ఓ కంట చూసుకోవాలన్నమాట.

"పిలిచి అన్నం పెట్టు" అనే సోదితో నష్టం లేదు. "నీకు ఫలానా ఆవిడ చేసింది, వేలు తెస్తే తీస్తాను" అంటే మాత్రం వెంటనే లేచి రండి. బాణామతి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన దారుణాలు ఉమ్మడి మెదక్ జిల్లా చూసింది.

పొలం వాటా, భర్త చెయ్యి చేసుకోవడం వంటివి చాటలో బియ్యంతో తేలేవి కావు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. 15100కి ఫోన్ చేయొచ్చు. లోక్ అదాలత్‌లో ఇద్దరూ ఒప్పుకుంటే అదే తీర్పు, దాని మీద అప్పీలు ఉండదు. అందుకే సంతకానికి ముందు కాగితం చదివించుకోండి. దెబ్బలు తినే ఇంట్లో సర్దుకుపొమ్మని ఎవరు చెప్పినా, అది సోదైనా సరే, వినక్కర్లేదు. అప్పుడు చేయాల్సిన నంబరు 181.

అన్నట్టు, కడియాలు ఇంకా పెద్దావిడ దగ్గరే ఉన్నాయి. పండక్కి చిన్నావిడ పెట్టుకుని, మర్నాడు పోలెల డబ్బాలో పెట్టి తిరిగి పంపిస్తుంది.