మేపుల్ ఆకు సూటు వేసుకున్న హెదర్

నవంబరు మొదలైందంటే కెనడాలో ఎవరి కోటు మీద చూసినా ఎర్రటి పాపీ పువ్వు కనిపిస్తుంది. పిల్లలు స్కూల్లో కాగితంతో పాపీలు చేసి ఇంటికి తెస్తారు. 11వ తేదీ ఉదయం పదకొండు గంటలకు రెండు నిమిషాలు మౌనం. ఒట్టావాలో నేషనల్ వార్ మెమోరియల్ దగ్గర ఆ రోజు అందరి చూపూ ఒక తల్లి మీదే ఉంటుంది. ఆమెను సిల్వర్ క్రాస్ మదర్ అంటారు. సైన్యంలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులందరి తరఫునా ఆమె అక్కడ పూలచక్రం ఉంచుతుంది.

ఆ వెండి శిలువ పతకాన్ని కెనడా 1919 డిసెంబరులో ప్రవేశపెట్టింది. కొడుకు పోయిన తల్లికి, భర్త పోయిన భార్యకు ఇచ్చేవారు. అది పెద్ద గౌరవమే. అయితే పతకం ఇంటికి వచ్చాక మర్నాటి నుంచి ఆ భార్య ఎలా బతకాలి? ఆ ప్రశ్నను సూటిగా పట్టుకున్న కథ ఒకటి, మనం పిల్లల పుస్తకాలని పక్కన పెట్టేసే కామిక్స్‌లో ఉంది.

ఒక హీరో చనిపోతే ఆ వేషం ఇంకొకరు వేసుకోవడం కామిక్స్‌లో పాత సంగతే. ఇంద్రజాల్ కామిక్స్ చదివి పెరిగినవాళ్లకు ఫాంటమ్ గుర్తుంటాడు. తండ్రి పోగానే కొడుకు అదే ముసుగు వేసుకుంటాడు, లోకం మాత్రం ఒక్కడే వందల ఏళ్లుగా బతికున్నాడనుకుంటుంది. మనకు తెలిసినవాడు ఇరవై ఒకటో ఫాంటమ్. కెప్టెన్ అమెరికాను 2007లో చంపేసినప్పుడు అది పేపర్లలో వార్త అయింది. 2008లో అతని యుద్ధకాలం నాటి తోడు బకీ ఆ డాలు అందుకున్నాడు. వారసుడంటే కొడుకో, స్నేహితుడో. భార్య అందుకున్న కథలు అరుదు. అలాంటి కథ కెనడా హీరోలదే.

పది సెకన్ల కథ

ఆల్ఫా ఫ్లైట్ అనే కెనడా హీరోల జట్టును మార్వెల్ కంపెనీ 1979లో ఎక్స్‌మెన్ కథల్లో పరిచయం చేసింది. 1983లో వాళ్లకు సొంత పుస్తకం మొదలైంది. దాన్ని రాసి, బొమ్మలు వేసిన జాన్ బర్న్ ఇంగ్లండ్‌లో పుట్టి కెనడాలో పెరిగినవాడు. కథ ప్రకారం ఆ జట్టు కెనడా రక్షణ శాఖ రహస్య విభాగం, డిపార్ట్‌మెంట్ హెచ్ నుంచి వచ్చింది. నాయకుడు జేమ్స్ మెక్‌డొనాల్డ్ హడ్సన్, మాక్ అని పిలుస్తారు. అతను పుట్టుకతో శక్తులున్నవాడు కాదు, ఇంజనీరు. భూమి లోపల చమురు వెతకడానికి తను తయారుచేసిన సూటును తన కంపెనీ అమెరికా సైన్యానికి ఇవ్వబోతోందని తెలిసి తిరగబడ్డాడు. అదే కంపెనీలో సెక్రటరీగా ఉన్న హెదర్ అతని పక్షాన నిలబడి ఉద్యోగం వదిలేసింది. తర్వాత ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు.

ఎరుపు తెలుపు రంగుల్లో, మేపుల్ ఆకుతో, కెనడా జెండానే ఒంటికి చుట్టుకున్నట్టుంటుంది ఆ సూటు. 1984లో వచ్చిన 12వ సంచికలో న్యూయార్క్‌లో జరిగిన పోరాటంలో అది దెబ్బతింటుంది. పేలకుండా ఆపడానికి మాక్‌కు ఉన్నవి కొద్ది సెకన్లే. చేతులు చకచకా పనిచేస్తుంటాయి. సరిగ్గా అప్పుడే భర్త కోసం వెతుకుతూ వచ్చిన హెదర్ తలుపు తీసి పిలుస్తుంది. అతను తలెత్తి చూస్తాడు. ఆ ఒక్క క్షణం చాలింది. ఆమె కళ్లముందే కాలిపోతాడు.

"నేను పిలవకుండా ఉంటే" అనే మాట ఆమెను తర్వాత ఎన్నో సంచికల పాటు వదలదు. కొంతకాలానికి మాక్ బతికే తిరిగొచ్చినట్టు కనిపిస్తాడు. హెదర్ నమ్ముతుంది. తీరా చూస్తే అది అతని రూపంలో వచ్చిన శత్రువుల రోబో. పోయినవాడి వేషం మోసానికి కూడా పనికొస్తుందని ఆమెకు తెలిసింది అలా.

సూటు కంటే ముందు బాధ్యత

హెదర్ వెంటనే సూటు వేసుకోలేదు. ముందు నాయకత్వం తీసుకుంది. శక్తులేమీ లేకుండా, కళ్లజోడు పెట్టుకుని, రాక్షస బలమున్నవాళ్ల మధ్య నిలబడి నిర్ణయాలు చెప్పింది. జాన్ బర్న్ వెళ్లిపోయాక బిల్ మాంట్లో రాసిన కథల్లో, 1986లో, ఆ సూటు వేసుకుంది. భర్త ఒకప్పుడు వాడి వదిలేసిన విండికేటర్ అనే పేరునే తనూ పెట్టుకుంది. వేసుకోగానే అన్నీ వచ్చేయలేదు. తనకు పోరాటం నేర్పమని వుల్వరిన్ దగ్గరికి వెళ్లి అడిగింది. ఒకప్పుడు అడవిలో మృగంలా తిరుగుతున్న అతన్ని ఇంటికి తెచ్చి మనిషిని చేసింది ఈ దంపతులే.

ఇక్కడ ఒక తేదీ గమనించాలి. కెనడా సైన్యం మహిళలకు పోరాట ఉద్యోగాలన్నీ తెరిచింది 1989లో, అదీ మానవ హక్కుల ట్రిబ్యునల్ ఆదేశించాక. అప్పుడు కూడా సబ్‌మెరైన్లను మినహాయించారు. అంటే నిజం సైన్యం కంటే మూడేళ్ల ముందే కాగితం మీద ఒక భార్య జెండా రంగుల కవచం వేసుకుని ముందు వరుసలోకి నడిచింది.

1990 ప్రాంతంలో మాక్‌ను మళ్లీ బతికించారు. హెదర్ కథ చాలావరకు అతని నీడలోకి వెళ్లిపోయింది. చదివేవాళ్లకు అది కొంచెం చివుక్కుమనిపిస్తుంది.

మన ఇళ్లలో

నిజ జీవితంలో ఎవరూ తిరిగి రారు. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడయ్యారు. ఆయన భార్యకు తెలంగాణ ప్రభుత్వం అదే ఏడాది డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. మహారాష్ట్రకు చెందిన కల్నల్ సంతోష్ మహాడిక్ 2015లో కాశ్మీరులో చనిపోతే, ఆయన భార్య స్వాతి చెన్నైలో శిక్షణ పూర్తిచేసి 2017లో సైనికాధికారి అయ్యారు. ఒకరు వేరే దారిలో, ఇంకొకరు భర్త నడిచిన దారిలోనే వెళ్లారు. రెంటికీ గుండె కావాలి.

పరాయి దేశంలో భర్తను పోగొట్టుకున్న ఆడపిల్లకు మనవాళ్ల నోట ముందుగా వచ్చే మాట "ఇంటికి వచ్చేయమ్మా" అని. ప్రేమతోనే అంటారు. కానీ ఇల్లు, అప్పు, పిల్లల చదువులు, మంచులో నడపాల్సిన కారు అన్నీ ఇక్కడే ఉంటాయి. అంతవరకూ ఆయన చూసుకున్న పనులన్నీ ఒక్కొక్కటే ఆమె నేర్చుకోవాలి. మొదట్లో అవి ఆమెకు వదులుగా, బరువుగా ఉంటాయి. అలాంటప్పుడు హెదర్‌లాగే "నాకు రాదు, నేర్పండి" అని అడగడం చిన్నతనమేమీ కాదు. అడగకముందే నేర్పడానికి వెళ్లడం మన వంతు.

పాత ఆల్ఫా ఫ్లైట్ సంచికలు కామిక్స్ షాపుల్లో, లైబ్రరీల్లో దొరుకుతాయి. 12వ సంచిక కాస్త భయపెడుతుంది కాబట్టి చిన్నపిల్లలకు వద్దు. పన్నెండేళ్లు దాటినవాళ్లతో కలిసి చదవండి. నవంబరు 11న ఆ రెండు నిమిషాల మౌనం అయ్యాక, ఆ తలుపు తీసింది హెదర్ తప్పా అని అడిగి చూడండి. మా ఇంట్లో ఆ మాట మీద చర్చ భోజనాల దాకా సాగింది.