రంగూనులో మొదటి దినపు భోజనము

గోదావరి తీరపు గ్రామములలో రంగూను పేరు వినని పెద్దలు అరుదు. 1931వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము ఆ నగరవాసులలో సగమునకు మించి భారతీయులే. వారిలో మన తెలుగువారు వరిమరలలోను, రేవులోను కాయకష్టము చేసిరి. కోరంగి రేవునుండి ఓడలెక్కి పోయినందున వారికి అచ్చట 'కోరంగీలు' అను పేరు కలిగెను. మా మాతామహులును అట్టివారే. 1942లో జపాను సేనలు రంగూనును పట్టుకొన్న దినములలో తాతగారు కొండలు, అడవులు దాటి కాలినడకను ఇల్లు చేరిరి. కూడ బయలుదేరిన వారి అన్నగారు చేరలేదు. తాతగారు బ్రతికియున్నంత కాలము రంగూను మాట యెత్తలేదు. ఆ నగరమును ఒకసారి చూడవలెనని 2018లో నేను పోయితిని. 1989నుండి దాని అధికారనామము యాంగోను. అచ్చట మొదటి దినమున నేనేమి తింటినో అది మాత్రమే నేడు మనవి చేసెదను.

పరదేశమున మొదటి పూట తిండికి జంకుట సహజము. నేను అటుకులు, కారప్పొడి మూట గట్టుకొనియే పోయితిని. తెల్లవారి బస వెలుపలికి వచ్చునప్పటికి వీధిమొగన ఒక యిల్లాలు పెద్ద కాగునుండి పొగలు గ్రక్కు పులుసు వడ్డించుచుండెను. పొట్టిపీటలపై జనము క్రిక్కిరిసి యుండిరి. కాగు పొయ్యిమీదనే యున్నది, జనము తెరిపి లేక వచ్చుచున్నారు. ఇట్టిచోట తిండి చలిదిగా మిగిలియుండదని తలచి, మూట సంగతి మరచి కూర్చుంటిని.

దాని పేరు మొహింగా. బర్మావారికి ఉదయపు ఫలాహారమిదియే. మీసములు గల మంచినీటి చేపను నిమ్మగడ్డి, పసుపు వేసి ఉడికించి, ముండ్లు తీసి, ఉల్లి, వెల్లుల్లి, అల్లము, మిరప నూరిన ముద్దతో వేయింతురు. పిదప ఆ నీటిలోనే దానిని కలిపి, శనగపిండియో వేయించిన బియ్యపుపిండియో చేర్చి చిక్కపరతురు. లేత అరటిదవ్వను చక్రములుగా తరిగి అందు వేయుదురు. బియ్యపుపిండితో చేసిన సేమియావంటి తీగలపై ఈ పులుసు పోసి, ఉడికిన గ్రుడ్డు, కొత్తిమిరి, వేయించిన ఎండుమిరప పొడి, నిమ్మరసము చేర్తురు. కరకరలాడుటకు పైన నలిపి వేయునవి ఏమనుకొన్నారు? ఆనపకాయ బజ్జీలు! అరటిదవ్వ, ఆనపకాయ, శనగపిండి, ఇవి యన్నియు మన పెరటిలోనివి, మన వంటయింటిలోనివే. శనగను వారు 'కలాపే' అందురు. మన దేశస్థులను పిలుచు మాటయే ఆ గింజకును పెట్టిరి. ఆ మాట మనుష్యుల విషయమున గౌరవవాచకము కాదు. గింజకు మాత్రము దోషమేమియు అంటలేదు.

చేప తినని వారు నిరాశ పడనక్కరలేదు. 'తెట్ తట్ లూట్' అని చెప్పిన చాలును. ప్రాణివధ లేనిదని దాని అర్థము. బౌద్ధులు వ్రతదినములలో అట్టి భోజనము చేయుదురు గనుక ఆ మాట అందరకును తెలియును. అయినను చేపనుండి ఊరిన ఉప్పునీరు కలుపవలదని మరల హెచ్చరించుట మంచిది.

మధ్యాహ్నము బస యజమానురాలు తన యింటనే భోజనము పెట్టెను. అచ్చట మనవలె పప్పు, కూర, పులుసు అను వరుస లేదు. అన్నము, నూనె పైకి తేలువరకు మ్రగ్గించిన కూర, పుల్లని చారు, పచ్చి కాయలు, ఆకులు, వాటిని అద్దుకొనుటకు ఙపి, అన్నియు ఒక్కసారి ముందుంచెదరు. ఙపి యనగా ఉప్పువేసి మాగబెట్టిన చేపల ముద్ద. వాసనకు నేను ఓడితినని ఒప్పుకొనుచున్నాను. చివర మజ్జిగ లేదు, తాటిబెల్లపు ముక్క యున్నది.

వడ్డనకు ముందు ఆమె కుండలోని తొలి గరిటె అన్నమును తీసి వేరుగా నుంచెను. ఎవరికని యడుగగా, ఇంగ్లీషు తెలిసిన ఆమె కుమారుడు చెప్పెను: ఇది 'ఉ చా'. ఎదుట పెద్దలున్నచో వారికే ముందు వడ్డింతురట, లేనిచో వారి పేర తొలి ముద్దను ప్రక్కన పెట్టుదురట.

నా చేయి ఆగిపోయెను. మా తాతగారు దినమును ఒక ముద్దను విస్తరి అంచున పెట్టి, తరువాతనే తినెడివారు. కాకులకని మేమనుకొంటిమి. కాకులకు వేసినట్లు మాత్రము ఎన్నడును చూచియుండలేదు. మనలోను బలి తీసి పెట్టు ఆచారము కలదు గనుక, తాతగారు దీనిని రంగూనులోనే నేర్చిరని నేను సాధింపజాలను. దారిలో చేరక పోయినది వారి అన్నగారు గదా యని మాత్రము తోచెను.

సాయంకాలము తేనీటి అంగడికి పోయితిని. గడ్డపాలు కలిపిన తీయని తేనీటికి వెల కట్టుదురు, బల్లపై నుంచు ఉత్త తేనీరు ఉచితము. వడ్డించు కుఱ్ఱవానిని ముద్దు పెట్టుకొను చప్పుడుతో పిలుతురు! నాకు నోరాడక చేయి యూపితిని. బర్మావారు తేయాకును త్రాగుటయే గాక తిందురు. షాను కొండల లేతాకును ఆవిరిపై మగ్గబెట్టి, గోతులలో బరువుల క్రింద అణచి నెలల తరబడి ఊరవేయుదురు. దీనినే లఫెట్ అందురు. నువ్వులు, వేరుసెనగ, వేయించిన వెల్లుల్లి దానికి తోడు. పూర్వము తగవు తీరిన పిదప ఇరుకక్షుల వారును కలిసి దీనిని తినెడివారు.

ఒక పొట్లము కొని తెచ్చి మా తల్లిగారికిచ్చితిని. చిటికెడు నోట వేసికొని, వగరుగా నున్నదని మొగము చిట్లించిరి. కొంత తడవునకు మరల చేయి చాచిరి.