వెతకడానికి సరైన మాట తెలియనప్పుడు



ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రికి రాకముందే సెల్‌ఫోన్‌లో వెతకడం ఇప్పుడు మన బూర్గంపాడు చుట్టుపక్కల పల్లెల్లోనూ మామూలైపోయింది. వెతకడం తప్పని మేము అనము. అయితే జబ్బు పేరు తెలియనివారు ఏ మాటతో వెతకాలి? ఇక్కడే 'సంబంధిత శోధనలు' ఉపయోగపడతాయి.

ఇవి ఏమిటి?

గూగుల్ వంటి సెర్చ్ ఇంజన్‌లో ఒక మాట వెతికితే, ఫలితాల మధ్యనో పేజీ అడుగునో దానికి దగ్గరగా ఉండే మరికొన్ని మాటలు కనిపిస్తాయి. అదే విషయం గురించి ఇతరులు ఏమేమి వెతికారన్న దానిని బట్టి కంప్యూటరే వాటిని చూపిస్తుంది. అక్షరాలు కొడుతుండగానే సూచనలు చూపే పద్ధతిని గూగుల్ 2004 డిసెంబరులో ప్రయోగంగా మొదలుపెట్టి, 2008లో తన ముఖ్య పేజీలోకి తెచ్చింది. 2017 నుండి తెలుగులో మాట్లాడి వెతికే వీలు కూడా వచ్చింది. కాబట్టి టైపు చేయడం రానివారు కూడా వీటిని వాడుకోవచ్చు.

లాభం ఏమిటి?

బిడ్డకు ఒళ్లు వణుకుతూ జ్వరం వస్తే, ఒక తల్లి 'చలిజ్వరం' అని వెతికిందనుకుందాం. కింద 'మలేరియా లక్షణాలు', 'మలేరియా రక్త పరీక్ష', 'డెంగీ లక్షణాలు' వంటి మాటలు కనిపించవచ్చు. మాత్ర కోసం వెతికిన తల్లికి ముందు రక్త పరీక్ష చేయించాలని తెలుస్తుంది. అడవి అంచున ఉన్న మనకు ఇది చిన్న విషయం కాదు. ఫాల్సిపారం మలేరియాకు 24 గంటల్లోగా చికిత్స అందకపోతే అది ప్రాణాల మీదికి రావచ్చు. డెంగీలో జ్వరం తగ్గుతున్న సమయంలోనే తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం వంటి ప్రమాద సూచనలు కనిపించవచ్చు. ఈ సంగతి ముందే చదివినవారు జ్వరం తగ్గింది కదా అని ఊరుకోరు.

ఏమి జాగ్రత్త?

సూచనగా వచ్చిన మాట ఎక్కువమంది వెతికినదే కావచ్చు, నిజమే కానక్కరలేదు. 'పాము కాటు' అని వెతికితే పసరు మందు, మంత్రం కూడా కనిపించవచ్చు. వాటిని నమ్మి గంటలు పోగొట్టుకోవద్దు. గాటు పెట్టవద్దు, నోటితో పీల్చవద్దు, గట్టిగా కట్టు కట్టవద్దు. కాటుపడిన చేతినో కాలినో కదలనివ్వకుండా, 108కు ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లండి. ఇలాంటి సమయంలో ఫోన్ ఉన్నది పిలవడానికే, వెతకడానికి కాదు.

మేము చెప్పేది ఒక్కటే. సూచనలు చూసి డాక్టరుగారిని అడగవలసిన ప్రశ్నలు తెలుసుకోండి, మందు మాత్రం మీరే నిర్ణయించుకోకండి. జ్వరమైతే అదే రోజు ఆశా కార్యకర్త దగ్గరో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో రక్త పరీక్ష చేయించుకోండి. ఫోన్‌లో కనిపించిన మాట ఏదైనా అర్థం కాకపోతే, సిగ్గుపడకుండా దాన్ని మాకు చూపించండి. కలిసి చదువుదాం.