కొమురం భీం వర్ధంతి అక్టోబరు 27నేనా?

‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక చదివేవాళ్లకు అక్టోబరు 27 బాగా పరిచయమే. 1605లో అక్బరు కన్నుమూసింది ఆ రోజే. 1947లో మన సైన్యం విమానాల్లో శ్రీనగర్ చేరిందీ ఆ రోజే. మాజీ రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ జయంతీ అదే. ఆ వరసలోనే ‘1940: కొమురం భీం మరణం’ అన్న వాక్యం కూడా కనిపిస్తుంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు దాన్ని బట్టీ పడతారు.

అపోహ: గోండు వీరుడు భీం అమరుడైంది అక్టోబరు 27న.

వాస్తవం: ఆయన నేలకొరిగిన జోడేఘాట్‌లో వర్ధంతి జరిపేది ఆశ్వయుజ పున్నమినాడు. అందుకే ఆ రోజు ఏటా మారుతుంది. 2023లో అక్టోబరు నెలాఖరున వచ్చింది, 2024లో నెల మధ్యకు జరిగింది, 2025లో మొదటివారంలోనే అయిపోయింది. మరి 1940లో ఆ పున్నమి ఎప్పుడు? పంచాంగం వెతకనక్కర్లేదు. ఆ ఏడాది అక్టోబరు 1న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. బ్రెజిల్‌లో, దక్షిణాఫ్రికాలో కనబడింది. సూర్యగ్రహణం అమావాస్యనాడే పడుతుంది. అక్కణ్ణుంచి పక్షం రోజులు లెక్కపెడితే పున్నమి అక్టోబరు 16 ప్రాంతంలో తేలుతుంది. 27 నాటికి చంద్రుడు సగానికి పైగా తరిగిపోయి ఉంటాడు. పున్నమి నిజమైతే 27 నిజం కాదు. 27 నిజమైతే పున్నమి కాదు.

నేను పున్నమినే నమ్ముతాను. తమవాళ్లను పోగొట్టుకున్న గూడేలు తరతరాలుగా గుర్తుపెట్టుకున్నది తిథిని. ఆ జ్ఞాపకాన్ని పక్కనపెట్టి తేదీని పట్టుకోవడానికి నాకు కారణం కనబడదు. 1901 అక్టోబరు 22 అని చెప్పే భీం పుట్టినతేదీని కూడా ఇంతే జాగ్రత్తగా చూడాలి. అన్నట్టు, నారాయణన్ గారి 27వ తేదీ కథా ఇలాంటిదే. బడిలో చేర్పించడానికి వెంట వెళ్లిన బంధువుకు అసలు తేదీ తెలియక, తోచింది రాయించాడు. తర్వాత నారాయణన్ గారు దాన్నే ఉండనిచ్చారు. పేదల ఇళ్లలో పుట్టినవాళ్ల తేదీలు చాలావరకు ఇలా ఎవరో రాయించినవే.

అపోహ: భీం, అల్లూరి సీతారామరాజు కలిసి బ్రిటిష్‌వాళ్లతో పోరాడారు.

వాస్తవం: ఇది 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ సినిమా కథ. కల్పన అని ఆ దర్శకుడే చెప్పాడు. అల్లూరిని 1924 మే 7న కొయ్యూరు దగ్గర చంపారు. జోడేఘాట్ పోరు జరిగింది 1940లో, పదహారేళ్ల తర్వాత. జోడేఘాట్ ఉన్న ఆదిలాబాద్ అడవులు అప్పుడు నిజాం రాజ్యంలోవి. భీం ఎదిరించింది నిజాం అటవీ సిబ్బందిని, పోలీసులను. రిజర్వు అడవి పేరుతో గోండుల పోడు భూములు లాక్కున్నారు. పశువులు మేపితే పన్ను, కట్టెలు తెస్తే పన్ను. సాగు చేసిన నేలకు పట్టాలు మాత్రం బయటి నుంచి వచ్చినవాళ్లకు దక్కాయి. జోడేఘాట్, పట్నాపూర్, బాబేఝరి వంటి పన్నెండు గూడేలు లేచింది ఇందుకే.

అపోహ: కొమురం ఆయన పేరు.

వాస్తవం: అది ఇంటిపేరు. గోండుల్లో కుమ్రం ఇంటిపేరువాళ్లు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. పేరు భీం.

అపోహ: భీం చావుతో పోరాటం వృథా అయింది.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. ఆ తిరుగుబాటు తర్వాతే, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గోండుల మధ్య కాపురం పెట్టాడు. తుపాకులు తేల్చలేని విషయాన్ని నివేదికల్లో రాశాడు: భూమి పోయింది, అందుకే తిరగబడ్డారు. ఆ తర్వాత వేలాది ఆదివాసీ కుటుంబాలకు పట్టాలు అందాయి. గోండు పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు తయారయ్యాయి. గిరిజన ప్రాంతాల కోసం ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీ సమాధి కూడా మార్లవాయిలోనే ఉంది.

‘చరిత్రలో ఈ రోజు’ రాసే మిత్రులకు, పరీక్షల పుస్తకాలు అచ్చేసేవాళ్లకు ఒక మనవి. భీం పేరు పక్కన ‘1940, ఆశ్వయుజ పున్నమి’ అని రాయండి.