మాట మిగిలింది, రాగం ఏది?

మీ బైబిలు తెరిచి 22వ కీర్తన శీర్షిక ఒకసారి చూడండి. దావీదు పేరుతో పాటు అక్కడ అయ్యెలెత్ షహరు అనే రాగం పేరు కనబడుతుంది. హెబ్రీ భాషలో దానికి ఉదయపు లేడి అని అర్థం. పేరు ఎంత అందంగా ఉందో! కాని ఆ రాగం ఎలా ఉండేదో నేడు లోకంలో ఎవరికీ తెలియదు. మాటలు మన చేతికి అందాయి. రాగం అందలేదు. మాటను రాసిపెట్టారు, రాగాన్ని నోటికే వదిలేశారు.

ఇప్పుడు మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. చాలా కీర్తనల పైన రాగం, తాళం అని రెండు పేర్లు ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మొదలైన భక్తులు కర్ణాటక రాగాలలో కట్టిన పాటలవి. అదే పుస్తకంలో పాశ్చాత్య దేశాల బాణీలకు కుదిర్చిన పాటలూ ఉన్నాయి. ఆదోని తాలూకా 1953 వరకు బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ బళ్లారిలో లండన్ మిషనరీలు 1810లోనే పని మొదలుపెట్టారు. కాబట్టి మన కౌతాళం వైపు సంఘాలకు ఈ రెండు రకాల పాటలూ కొత్తవి కావు. అయితే రాగం పేరు చదవగానే ఆ పాటను పెద్దలు పాడినట్టు పాడగలవారు మీ సంఘంలో ఎందరున్నారు? ఈ ప్రశ్న మనసులో ఉంచుకుని నాతో రండి. పాశ్చాత్య సంఘం కూడా ఒకప్పుడు ఇదే కష్టంలో ఉంది.

తొలి శతాబ్దాలలో ఐరోపా సంఘాలలో వాయిద్యం లేదు, తాళం లేదు. అందరూ కలిసి ఒకే వరుసలో, లాటిన్ భాషలో కీర్తనలు పాడేవారు. ఒకదాని తర్వాత ఒకటిగా సాగే స్వరాల వరుసను మెలడీ అంటారు. మనం బాణీ అంటాము. ఒకే బాణీని అందరూ పాడితే అది ఏకస్వర గానం. దీనికి గ్రెగోరియన్ గానం అని పేరు వచ్చింది. 7వ శతాబ్దంలో సెవిల్ పట్టణపు బిషప్ ఇసిదోరు ఈ పాటల గురించి బాధపడ్డాడు. మనిషి జ్ఞాపకంలో లేకపోతే ధ్వని నశిస్తుంది, దాన్ని రాయడం సాధ్యం కాదు అన్నది ఆయన అభిప్రాయం.

9వ శతాబ్దంలో మాటల పైన చిన్న చిన్న గుర్తులు పెట్టడం మొదలైంది. వాటిని న్యూములు అంటారు. గొంతు పైకి వెళ్లాలా, కిందికి రావాలా అన్నంతవరకే అవి చెప్పేవి. ఎంత పైకి? అది చెప్పేవి కావు. పాట ముందే వచ్చినవాడికే అవి పనికివచ్చేవి.

అప్పుడు 11వ శతాబ్దంలో ఇటలీలోని అరెజ్జో పట్టణంలో గైడో అనే సన్యాసి ఒక మార్గం చూపాడు. ఆయన గీతలు గీసి, ఆ గీతల మీద, గీతల సందుల్లో స్వరాలను నిలబెట్టాడు. ఒక గీతకు ఎరుపు, ఒక గీతకు పసుపు రంగు వేశాడు. ఏ గీత మీద ఉంటే ఆ స్వరమే. నేడు మనం స్టాఫ్ నొటేషన్ అనే అయిదు గీతల రాతకు మూలం అదే. ఆయన చేసిన మరో పని చూడండి. బాప్తిస్మమిచ్చు యోహానును గూర్చిన ఒక లాటిన్ పాటలో ఒక్కొక్క పాదం ఒక్కొక్క మెట్టు పైనుంచి మొదలవుతుంది. ఆ పాదాల మొదటి అక్షరాలు ఉట్, రే, మి, ఫా, సోల్, లా. వాటినే స్వరాల పేర్లుగా నేర్పాడు. తరువాతి కాలంలో ఉట్ డో అయింది, ఏడవ స్వరం చేరింది. మన స రి గ మ వంటివే ఇవి. స నుంచి పై స వరకు మెట్ల వరుసను స్కేల్ అంటారు. వారి మేజర్ స్కేల్ మన శంకరాభరణం మెట్లే. పదేళ్లు పట్టే పాటల చదువు తన పద్ధతిలో ఏడాదికి, మహా అయితే రెండేళ్లకు వస్తుందని గైడో రాశాడు.

రాయడం వచ్చాక ఇంకో తలుపు తెరుచుకుంది. ఒక బాణీకి తోడుగా మరొక బాణీని కలిపి పాడడం అంతకుముందే మొదలైంది. 1200 ప్రాంతానికి పారిస్ నోటర్ డామ్ దేవాలయంలో పెరోటిన్ నాలుగు వరుసల పాటలు కట్టాడు. రాత లేకుండా అంత పెద్ద పాట నిలవదు. దీన్ని ఎమ్మిగనూరు మగ్గం చూసినవారికి సులువుగా చెప్పవచ్చు. పడుగు దారాలు పక్కపక్కన నిలువుగా సాగుతాయి గదా, అలాగే ఒక్కొక్క గొంతు తన దారిలో సాగుతుంది. అది బహుస్వర గానం. పేక దారం అడ్డంగా వచ్చి వాటన్నిటినీ కలుపుతుంది. అలాగే ఒకే క్షణంలో అన్ని గొంతులూ కలిసి పలికే స్వరాల గుంపు కార్డ్. స, గ, ప కలిపి నొక్కితే ఒక కార్డ్. కార్డులు ఒకదాని వెంట ఒకటి పొందికగా నడిస్తే అది హార్మొనీ. స్త్రీల పై గొంతు సొప్రానో, కింది గొంతు ఆల్టో. పురుషుల పై గొంతు టెనర్, కింది గొంతు బాస్.

అయితే పాట ఇంత పెద్దదయ్యేసరికి అది శిక్షణ పొందిన గాయకుల సొత్తు అయిపోయింది. సామాన్య విశ్వాసి వినేవాడిగా మిగిలాడు. 1524లో లూథర్ అనుచరులు ఎనిమిది పాటల చిన్న పుస్తకం అచ్చువేశారు. జనం తమ సొంత భాషలో పాడసాగారు. ఆ పుస్తకంలో మాటలతో పాటు స్వరాలూ అచ్చయ్యాయి. అది మరువకండి.

ప్రియులారా, మన దేశంలోనూ ఈ భారం మోసినవారు ఉన్నారు. 1893లో మద్రాసులో చిన్నస్వామి మొదలియార్ మన సంగీతాన్ని పాశ్చాత్య గీతల్లో అచ్చువేశారు. 1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురం నుంచి సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే గొప్ప గ్రంథాన్ని తెలుగులో ప్రకటించారు. స్వరాలతో పాటు గమకాలకు కూడా గుర్తులు పెట్టారు. ఎందుకంటే మన రాగం మెట్టు మీద నిలబడేదే కాదు, మెట్టుకూ మెట్టుకూ మధ్య జారేది, ఊగేది కూడా.

ఇక్కడే జాగ్రత్త కావాలి. కీబోర్డులో ఒక స్థాయికి పన్నెండు మీటలే. యౌవనస్థులు కార్డులు పట్టి వాయిస్తే మంచిదే, తప్పు పట్టకండి. కాని గమకం ఉన్న కీర్తనను మీటలకు సరిపోయేలా చదును చేస్తే, పేరు మాత్రమే ఆ రాగానిది అవుతుంది. అలాగని పాశ్చాత్య బాణీని మన ఇష్టం వచ్చినట్టు సాగదీస్తే నాలుగు గొంతులు కలవవు. ఏ పాటకు ఆ మర్యాద ఇవ్వాలి.

మరి ఏం చేద్దాం? ఈ వారమే మీ సంఘంలో పాత కీర్తనలు నోటికి వచ్చిన అవ్వ దగ్గరకో, తాత దగ్గరకో వెళ్లండి. చేతిలో ఉన్న ఫోనులో ఒక కీర్తన మొదటి చరణం నుంచి చివరి చరణం దాకా పట్టండి. పాడినవారి పేరు, రాగం, తాళం, తేదీ చెప్పించండి. హార్మోనియం తెలిసినవారు పక్కన కూర్చుని మాటల పైన స రి గ మ రాయండి. తరువాత ఆదివారం బడి పిల్లలకు ఆ పాట నేర్పండి. రాత ఒక్కటే చాలదు, నోరు ఒక్కటే చాలదు. రెండూ కావాలి.

ఉదయపు లేడి రాగం పోయింది. మన అవ్వ పాడే రాగం ఇంకా ఉంది. అది మన కాలంలో పోకూడదు. దేవుడు మీ ప్రయాసను దీవించును గాక.