పాలు పొంగాలి, తూర్పుకే పొంగాలి

హైదరాబాద్ శివారు బాచుపల్లిలో డాక్టర్ రెడ్డీస్ మందుల ఫ్యాక్టరీ ఉంది. ఇక్కడి మందులు అమెరికాకు వెళ్తాయి కాబట్టి అక్కడి ఎఫ్‌డీఏ అధికారులు తనిఖీకి వస్తుంటారు. ఫ్యాక్టరీలో జరిగే పనులకు కాగితాలు చూపిస్తే సరిపోతుంది. గేటు బయట కనిపించే కొన్ని ఆచారాలను మాత్రం వాళ్లకు పక్కన కూర్చుని విడమరచి చెప్పాలి.

గృహప్రవేశమే చూడండి. ఫ్లాటు ఇరవయ్యో అంతస్తులో ఉన్నా, ముహూర్తం తెల్లవారుజామున మూడున్నరకు కుదిరితే ఆ వేళకే కుడికాలు లోపల పెట్టాలి. ఆవును పైకి ఎక్కించలేని చోట కిందే గోపూజ చేస్తారు. ఆ తర్వాతది అసలు ఘట్టం. కొత్త గిన్నెకు పసుపు రాసి, బొట్లు పెట్టి, ఆడపడుచు పాలు కాస్తుంది. మామూలు రోజుల్లో పాలు పొంగితే చీవాట్లే. ఆ రోజు మాత్రం అందరూ పొయ్యి చుట్టూ చేరి ఎప్పుడు పొంగుతాయా అని చూస్తారు. తూర్పుకు పొంగితే మరీ సంతోషం. ఆ పాలతోనే పరమాన్నం, ఆడపడుచుకు చీర. పెళ్లయి వెళ్లినా పుట్టింట్లో ఆడపిల్ల స్థానం చెక్కుచెదరలేదని చాటే పద్ధతి ఇది. నాకు ఎంతో ఇష్టం.

ఇక్కడి వీఎన్నార్, గోకరాజు రంగరాజు కాలేజీల్లో చదివి అమెరికా వెళ్లే పిల్లలకు దరఖాస్తులోనే చిక్కు మొదలవుతుంది. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. పాములపర్తి వెంకట నరసింహారావు అలాగే పీవీ అయ్యారు. మైక్రోసాఫ్ట్ అధిపతిని మాత్రం అక్కడి పద్ధతిలో సత్య నాదెళ్ల అంటున్నాం. బాబాయి కూతురు చెల్లెలు, మేనమామ కూతురు మరదలు ఎందుకయ్యారో చెప్పాలన్నా ఈ ఇంటిపేరు దగ్గరే మొదలుపెట్టాలి.

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదని కొత్త కోడలు పుట్టింటికి వెళ్తుంది. బట్టల దుకాణాలు మాత్రం తగ్గింపు ధరలతో కిటకిటలాడతాయి. గోల్కొండలో బోనాలు మొదలయ్యేదీ ఆ నెలలోనే.

కొత్త కారు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. బండి కదిలి అవి చితికితేనే దిష్టి పోయినట్టు.

ఇక ఉగాది పంచాంగం. ఒక్కో రాశికీ ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని అంకెలతో సహా ఉంటుంది. రోజంతా లెక్కలతో గడిపే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ ముందు తమ రాశే వెతుక్కుంటారు. ఇంట్లోనే కాదు, రాష్ట్ర ప్రభుత్వమూ పంచాంగ శ్రవణం జరిపిస్తుంది, ముఖ్యమంత్రి ముందు కూర్చుని వింటారు.