యాభై ఆరో స్థానం నుంచి

మా హాస్టల్లో ఎఫ్‌వన్ చూసేవాళ్ళకి కొదవలేదు. రేసున్న ఆదివారం సాయంత్రం కామన్ రూమ్‌లో కాలు పెట్టడానికి చోటుండదు. వెర్‌స్టాపెన్ గొప్పా, హామిల్టన్ గొప్పా అని మెస్‌లో పప్పు చల్లారిపోయే దాకా కొట్టుకుంటారు. ఆ గుంపులో నిలబడి ఒకసారి అడిగాను, "టిమో బెర్న్‌హార్డ్ ఎవరో తెలుసా?" అని. ఒకడు ఫుట్‌బాల్ ప్లేయరా అన్నాడు. ఇంకొకడు, "ఏమైనా గెలిచుంటే తెలిసేది కదరా" అని తేల్చేశాడు.

గెలిచాడు. లెమాన్స్ 24 గంటల రేసు రెండుసార్లు, నూర్‌బుర్గ్‌రింగ్ 24 గంటలు ఐదుసార్లు, అమెరికాలో డేటోనా 24 గంటలు, సెబ్రింగ్ 12 గంటలు, వీటి మీద ప్రపంచ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్ రెండుసార్లు. అయినా మనకి పేరు తెలీదు. ఆ రోజు కామన్ రూమ్‌లో చెప్పబోతే ఎవరూ వినలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మెకానికల్ వాళ్ళే కాదు, అందరూ చదవొచ్చు. ఈక్వేషన్లు ఏమీ లేవు.

ముందు ఈ ఎండ్యూరెన్స్ రేసు సంగతి. ఎఫ్‌వన్‌లో ఒక కారుకి ఒక డ్రైవరు, రెండు గంటల్లోపు పని అయిపోతుంది. లెమాన్స్‌లో శనివారం మధ్యాహ్నం మొదలుపెడితే ఆదివారం మధ్యాహ్నం దాకా బండి తిరుగుతూనే ఉండాలి. ఒక్కో కారుకి ముగ్గురు డ్రైవర్లు, వంతులవారీగా. ఏ ఒక్కరూ ఆరు గంటల వ్యవధిలో నాలుగు గంటలకి మించి నడపకూడదు, మొత్తం మీద 14 గంటలు దాటకూడదు. ట్రాక్ పొడవు 13 కి.మీ. పైనే, అందులో కొంత భాగం మామూలు రోజుల్లో జనం తిరిగే రోడ్డే. 24 గంటలు అయ్యేసరికి ఎవరు ఎక్కువ ల్యాపులు తిరిగితే వాళ్ళే గెలిచినట్టు. బండి పాడైతే గ్యారేజీలోకి తోసుకెళ్ళి బాగు చేసుకోవచ్చు, మళ్ళీ బయటికి రావచ్చు. కానీ గడియారం మాత్రం మన కోసం ఆగదు.

అన్నిటికన్నా తమాషా ఏంటంటే వేర్వేరు తరగతుల కార్లు ఒకే ట్రాక్ మీద ఒకేసారి పరుగెడతాయి. బెర్న్‌హార్డ్ కాలంలో పైన ఎల్‌ఎంపీ1 అనే రాకెట్లు ఉండేవి, కింద కొంచెం చిన్నవి ఎల్‌ఎంపీ2, ఆ కింద మనం షోరూమ్‌లో చూసే ఆకారాలున్న జీటీ కార్లు. మన హైవే మీద వోల్వో బస్సు, ఆటో, ట్రాక్టరు కలిసి వెళ్తుంటాయి చూడండి, అలాగే. కాకపోతే అందరూ గంటకి 250 పైన, అందులో కొంత సమయం చీకట్లో.

బెర్న్‌హార్డ్ 1981 ఫిబ్రవరి 24న జర్మనీలో సార్‌లాండ్ అనే చిన్న రాష్ట్రంలో, హోంబుర్గ్‌లో పుట్టాడు. కార్టింగ్, ఫార్ములా ఫోర్డ్, ఇదంతా అందరు కుర్రాళ్ళ దారే. ఆ తర్వాత దారి మారింది. 1999లో పోర్షే కంపెనీ జూనియర్ డ్రైవరుగా తీసుకుంది. 2001లో జర్మనీ పోర్షే కారెరా కప్ గెలిచాడు, 2002 నుంచి కంపెనీ డ్రైవరు. అదే ఏడాది లెమాన్స్‌లో జీటీ తరగతిలో మొదటి స్థానం. 2003లో డేటోనాలో ఇంకా చిత్రం. తన పోర్షే 911 జీటీ కారే, కానీ పై తరగతి ప్రోటోటైపులు ఒక్కొక్కటే చతికిలపడటంతో మొత్తం రేసే వీళ్ళ చేతికొచ్చింది.

2008 సెబ్రింగ్‌లోనూ ఇదే కథ. పసుపు రంగు పోర్షే ఆర్ఎస్ స్పైడర్, ఎల్‌ఎంపీ2 తరగతి. ముందున్నవి ఆడి, ప్యుజో కంపెనీల డీజిల్ రాక్షసులు. 12 గంటలు గడిచేసరికి రాక్షసులకి ఏదో ఒక రోగం వచ్చింది, స్పైడర్ మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉంది. బెర్న్‌హార్డ్, రొమాఁ డ్యూమా, ఎమాన్యుయెల్ కొలార్ గెలిచారు. ఈ సెబ్రింగ్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

పోర్షేకి అప్పట్లో లెమాన్స్‌లో మొత్తం రేసు గెలిచే స్థాయి కారు లేదు. అదే గ్రూపులోని ఆడికి ఉంది. అందుకని బెర్న్‌హార్డ్‌ని ఆడి వాళ్ళు అరువు తీసుకున్నారు. 2010లో ఆర్15 డీజిల్ కారులో డ్యూమా, మైక్ రాకెన్‌ఫెల్లర్‌లతో కలిసి లెమాన్స్ గెలిచాడు. వేగంలో ప్యుజోలే ముందు. కానీ అవన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. వీళ్ళు 397 ల్యాపులు, 5,410 కి.మీ. తిరిగారు. 1971 నుంచి చెక్కుచెదరని దూరం రికార్డు అప్పుడు పోయింది. దూరం ఎంతో ఊహించడానికి, కన్యాకుమారి నుంచి శ్రీనగర్ వెళ్ళి, టీ తాగకుండా వెనక్కి తిరిగి చాలా దూరం వచ్చేసినట్టు. ఒక్క రోజులో.

మరుసటి ఏడాది అదే ముగ్గురు, కొత్త ఆర్18. రాత్రిపూట రాకెన్‌ఫెల్లర్ వంతులో, ఒక నెమ్మది కారుని దాటే క్షణంలో ప్రమాదం జరిగి బండి ముక్కలు ముక్కలైంది. డ్రైవరు కూర్చునే పెట్టె మాత్రం మిగిలింది, అందులోంచి తనంతట తనే బయటికొచ్చాడు. గ్యారేజీలో వంతు కోసం ఎదురుచూసే మిగతా ఇద్దరికీ ఆ నిమిషాలు ఎలా గడిచాయో నాకు ఊహకి అందదు. వీళ్ళ పనిలో సగం ఆ ఎదురుచూపే. తను చేయని తప్పుకి తనూ ఓడిపోవాలి, తను చేయని మంచికి తనకీ కప్పు వస్తుంది.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పాలి, దాచుకుంటే వ్యాసం సగమే అవుతుంది.

సెకండియర్‌లో మా కాలేజీ గో-కార్ట్ టీమ్‌లో నేను ఉన్నాను. ఆరు నెలలు వర్క్‌షాప్‌లో వెల్డింగ్ పొగ పీల్చాం. పోటీలో ఆఖరి రౌండు ఎండ్యూరెన్సే. మొదలైన కాసేపటికే మా బండి చైన్ తెగింది. స్పేర్ లేదు, పక్క టీమ్‌ని బతిమాలి తెచ్చి, లింకులు కోసి బిగించేసరికి దాదాపు అరగంట. అప్పటికి బోర్డు మీద మేము అందరికన్నా కింద. మా సీనియర్ అన్న హెల్మెట్ తీయలేదు, సీట్లోనే కూర్చున్నాడు. నేనే అన్నాను, "వదిలేద్దాం అన్నా, ఇంకెందుకు" అని. ఇంకో ఇద్దరు తలూపారు. బండిని ట్రాలీ ఎక్కించేశాం. సాయంత్రం లిస్టు చూస్తే మాకన్నా ముందున్నవాటిలో చాలా బండ్లు తర్వాత ఆగిపోయాయి. ల్యాపులు తక్కువైనా జెండా దాకా తిరిగినవాళ్ళకి పాయింట్లు ఉన్నాయి. అన్న ఏమీ అనలేదు. తిరుగు ప్రయాణంలో రైల్లో కూడా ఏమీ అనలేదు. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ సెలవుల్లోనే 2017 లెమాన్స్ రికార్డింగు మొత్తం చూశాను, నాలుగు రాత్రులు పట్టింది.

అప్పటికి పోర్షే సొంతంగా 919 హైబ్రిడ్ తయారుచేసి మూడేళ్ళు దాటింది. ఈ కారు గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మా డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఊరుకోరు. ఇంజిను రెండు లీటర్లే, వి4 టర్బో, వెనక చక్రాలకి. ముందు చక్రాలకి ఎలక్ట్రిక్ మోటారు. బ్రేకు వేసినప్పుడు అదే మోటారు జనరేటర్‌గా మారి బ్యాటరీ నింపుతుంది. సైలెన్సర్‌లోంచి వృథాగా పోయే వేడి గాలితో ఇంకో టర్బైను తిప్పి దాంతోనూ కరెంటు తీస్తారు. మొత్తం 800 వోల్టుల వ్యవస్థ. 2015లో ఈ కారుతో బెర్న్‌హార్డ్, మార్క్ వెబర్, బ్రెండన్ హార్ట్‌లీ ప్రపంచ ఛాంపియన్లయ్యారు. లెమాన్స్‌లో మాత్రం ఆ ఏడాది రెండో స్థానమే. తన సొంత కంపెనీ బండిలో ఆ రేసు మొత్తం గెలవడం అనేది బెర్న్‌హార్డ్‌కి ఇంకా బాకీ.

2017 జూన్ 17. రెండో నంబరు 919లో బెర్న్‌హార్డ్, హార్ట్‌లీ, న్యూజిలాండ్‌కే చెందిన ఎర్ల్ బాంబర్. మూడున్నర గంటలకే ముందు ఇరుసు మోటారు పోయింది. 800 వోల్టుల వస్తువు, స్క్రూడ్రైవర్ పెట్టి కెలకడానికి వీల్లేదు. మెకానిక్కులు మొత్తం మోటారు మార్చారు. గంట దాటింది. బండి బయటికొచ్చేసరికి స్థానం 56. మొత్తం కార్లే 60. నాయకుడికన్నా దాదాపు 18 ల్యాపులు వెనక.

ఆ సీను దగ్గర నేను వీడియో ఆపేశాను. కాసేపు వరండాలో తిరిగొచ్చాను.

వాళ్ళు ఎందుకు బయటికొచ్చారంటే గెలుస్తామని కాదు. ఛాంపియన్‌షిప్ పాయింట్ల కోసం. ఎన్నో కొన్ని కార్లని దాటితే కొన్ని పాయింట్లయినా వస్తాయని లెక్క. ఆ తర్వాత రాత్రి టొయోటాలకి శని పట్టింది. ఒక కారుకి వీళ్ళకి లాగే ముందు మోటారు జబ్బు, గ్యారేజీలో రెండు గంటలు. పోల్ నుంచి బయల్దేరి ముందున్న కారుకి ఇంకా దారుణం. సేఫ్టీ కారు సమయంలో పిట్ దారి చివర ఆగి ఉంటే, నారింజ రంగు డ్రెస్సు వేసుకున్న వేరే టీమ్ డ్రైవరు ఒకతను బొటనవేలు చూపించి శుభాకాంక్షలు చెప్పాడు. కొబయాషి అది ట్రాక్ మార్షల్ ఇచ్చిన 'వెళ్ళు' సైగ అనుకుని కదిలాడు, వెంటనే ఆపమన్నారు, ఆ ఆగడం కదలడంలో క్లచ్ కాలిపోయింది. మూడో టొయోటాని కాసేపటికే వెనకనుంచి ఇంకో కారు తగిలి టైరు చింపింది. గంటన్నర కూడా తిరక్కుండా ఆ రెండూ అయిపోయాయి.

ఇక మిగిలింది పోర్షే ఒకటో నంబరు, పదికి పైగా ల్యాపుల ఆధిక్యం. ఉదయం పదకొండు దాటాక దాంట్లో ఆయిల్ ప్రెషర్ పడిపోయింది. అప్పుడు నడుపుతున్న ఆంద్రే లాటరర్, ఇతనూ జర్మన్, లెమాన్స్ మూడుసార్లు గెలిచినవాడు, నెమ్మదిగా పాకించుకుంటూ చివరికి ట్రాక్ పక్కన ఆపేశాడు.

అప్పుడు ముందున్నది ఎవరు? ఎల్‌ఎంపీ2 తరగతి కారు, 38వ నంబరు ఒరేకా. మన జాకీ చాన్ భాగస్వామిగా ఉన్న టీమ్. ఆ తరగతి కారు ఎప్పుడూ లెమాన్స్ మొత్తం గెలవలేదు. లోకమంతా ఆ చిన్న కారు గెలవాలనే కోరుకుంది, నిజం చెప్పొద్దూ, నేనూ ఒక పావుగంట అటే ఉన్నాను. తొమ్మిదేళ్ళ క్రితం సెబ్రింగ్‌లో చిన్న కారుతో పెద్దవాళ్ళని ఓడించినవాడే ఇప్పుడు పెద్ద కారులో ఆ చిన్న కారుని తరుముతున్నాడు. ఆఖరి వంతు బెర్న్‌హార్డ్‌దే. గంట పైచిలుకు మిగిలుండగా హో-పిన్ తుంగ్ నడుపుతున్న ఒరేకాని దాటేశాడు. వేగం తేడా అంత ఉన్నప్పుడు దాటడం గొప్ప కాదు. ఆ తర్వాతి గంట గొప్ప. అదే రకం మోటారు, అదే రకం ఆయిల్ పైపులు, పక్క కారు ఇప్పుడే చచ్చింది. కెర్బ్ ఎక్కకుండా, ఎవరికీ తగలకుండా బండిని పసిపిల్లలా ఇంటికి తేవాలి. తెచ్చాడు. 367 ల్యాపులు, రెండో స్థానంలో ఒరేకా ఒక్క ల్యాపు వెనక. పోర్షేకి అది 19వ లెమాన్స్ విజయం. ఆ ఏడాది చివర్లో ఛాంపియన్‌షిప్ కూడా ఈ ముగ్గురికే వచ్చింది.

ఆ సీజన్‌తోనే పోర్షే ఎల్‌ఎంపీ1 దుకాణం కట్టేసింది. 919కి వీడ్కోలుగా నిబంధనలన్నీ తీసి పక్కన పెట్టి 'ఎవో' అని ఒకటి చేశారు. హెడ్‌లైట్లు, వైపరు, ఏసీ పీకేశారు. బరువు 849 కిలోలు, పవర్ 1,160 హెచ్‌పీ. దాన్ని 2018 జూన్ 29న నూర్‌బుర్గ్‌రింగ్ పాత ట్రాక్ మీదికి తీసుకెళ్ళారు. ఐఫెల్ కొండల్లో 20.8 కి.మీ., డెబ్బైకి పైగా మలుపులు, 'పచ్చ నరకం' అని దాని ముద్దుపేరు. 1976లో నికీ లాడా కాలిపోయింది అక్కడే.

అక్కడి రికార్డు 1983 మే 28 నాటిది. స్టెఫాన్ బెలోఫ్ అనే 25 ఏళ్ళ జర్మన్ కుర్రాడు పోర్షే 956లో, క్వాలిఫయింగ్‌లో పెట్టిన 6 నిమిషాల 11.13 సెకన్లు. మర్నాడు రేసులోనూ అలాగే తోలి, ముందుండగానే బండి గాల్లోకి లేచి పల్టీ కొట్టింది. దెబ్బలు తగల్లేదు. 1984లో ప్రపంచ ఛాంపియనయ్యాడు. 1985 సెప్టెంబర్ 1న బెల్జియంలోని స్పాలో, ఓ రూజ్ మలుపులో జాకీ ఇక్స్ కారుని దాటబోయి గుద్దుకుని చనిపోయాడు. 27 ఏళ్ళు. బతికి ఉంటే జర్మనీ మొదటి ఎఫ్‌వన్ ఛాంపియన్ అతనే అయ్యేవాడని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు.

బెర్న్‌హార్డ్ టైము 5 నిమిషాల 19.546 సెకన్లు. గరిష్ఠ వేగం గంటకి 369 కి.మీ. చనిపోయిన హీరో రికార్డుని తీసేయడం బాగుందా అని అప్పట్లో కొందరు గొణిగారు. పోలిక సరైంది కాదని నేనూ ఒప్పుకుంటాను. బెలోఫ్‌ది రేసు నిబంధనల్లో ఉన్న కారు, గేరు చేత్తో మార్చాలి. ఇది ఏ నిబంధనా లేని కారు. పైగా 1983 తర్వాత ఈ స్థాయి కార్ల రేసే ఆ పాత ట్రాక్ మీద జరగలేదు, ఆ రికార్డు 35 ఏళ్ళు నిలవడానికి అదీ ఒక కారణం. కారు దిగాక బెర్న్‌హార్డ్ కూడా బెలోఫ్‌ని మహామనిషిగానే చెప్పాడు, అప్పటి బండితో అతను చేసిన దాని మీద గౌరవం ఇంకా పెరిగిందన్నాడు. ఆ వీడియో ఉంది, చూడండి. చెట్లు కనపడవు, పచ్చటి గీతలు కనిపిస్తాయంతే. మా రూమ్మేట్ చూసి, "స్పీడ్ పెంచి పెట్టావా రా?" అన్నాడు. లేదు.

2019 చివర్లో కంపెనీ డ్రైవరుగా బెర్న్‌హార్డ్ ఆట ముగించాడు. 20 ఏళ్ళు ఒకే గూడు, మధ్యలో ఆడి అరువు తప్ప.

మా కార్ట్ టీమ్ సంగతి అడుగుతారేమో. ఈ ఏడాది పిట్ పని నాది. మొన్న వెళ్ళి స్పేర్ చైన్లు రెండు, లింకు కోసే టూలు ఒకటి కొన్నాం. ఉద్యోగంలో చేరిన ఆ సీనియర్ అన్నకి ఫొటో పంపాను. "మూడోది కూడా కొనరా" అని రిప్లై పెట్టాడు.